ఫాంటు గొడవ లేని పీడీఎఫ్: లిబ్రేఆఫీస్ రైటర్‌తో మూడేళ్లు, ఏడు చిన్న పుస్తకాలు

వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్ రైటర్ ఉచితమనీ, తెలుగు బాగానే పడుతుందనీ, పేజీని పుస్తకం సైజుకి కుదించుకోవచ్చనీ అందరికీ తెలుసు. వాటి జోలికి పోను. మూడేళ్లలో దీంతో వచ్చిన ఏడు పుస్తకాలూ 48 నుంచి 80 పేజీల మధ్యవి. ఏడింటికీ ముందు ఆవిష్కరణ తేదీ ఖాయమైంది, రాయడం ఆ తర్వాత మొదలైంది. అలాంటి తొందరలో ఈ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టిన మేలు ప్రధానంగా ఒక్కటే: టైపు చేసిన యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, వెబ్‌లో కనిపించేది) నేరుగా పీడీఎఫ్ అవుతుంది. మధ్యలో కన్వర్షన్ అనేది లేదు.

దీని విలువ విశాఖలో డాబాగార్డెన్స్, అల్లిపురం సందుల్లో డీటీపీ ఆపరేటర్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. చాలాచోట్ల ఇప్పటికీ పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. అందుకని మన ఫైలుని కన్వర్టర్‌లో వేసి అనులోకి దింపుతారు. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలు కూర్చున్నవి ఇంగ్లీషు అక్షరాల గదుల్లో. దాంతో మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటలు, కోట్ మార్కులు పిచ్చి తెలుగుగా మారిపోతాయి. అంటే ఒకసారి దిద్దిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ దిద్దాలి. 64 పేజీలకు రెండు రోజులు. చేతిలో ఉన్నవే పదిహేను రోజులైతే అందులో రెండు రోజులు పోవడం చిన్న విషయం కాదు.

పదిహేను రోజుల లెక్క నాకు కుదిరింది ఇలా. డెమీ 1/8, అంటే కత్తిరించాక 5.5 × 8.5 అంగుళాలు. లోపలి మార్జిన్ 20 మి.మీ., బయటిది 15. అక్షరం 12 పాయింట్లు, లైను ఎడం 18. పేజీకి 28 లైన్లు, సుమారు 180 మాటలు పడతాయి. 64 పేజీల్లో టైటిలూ ముందుమాటా విషయసూచికా ఆరు పేజీలు తినేస్తే మిగిలిన 58కి పదిన్నర వేల మాటలు సరిపోతాయి. రోజుకి 1,200 చొప్పున తొమ్మిది రోజులు రాయడానికి, మూడు రోజులు దిద్దడానికి, మిగతా మూడూ ప్రెస్సుకి. లైను ఎడం 16కి తగ్గిస్తే అయిదారు పేజీలు కలిసొస్తాయని ఆశపడొద్దు. పై లైనులోని ఒత్తులు కింది లైనులోని గుడులను తాకుతాయి. ‘ఫిక్స్‌డ్’ బదులు ‘ఎట్ లీస్ట్’ పెడితే కనీసం ఒత్తులు కోసుకుపోవు.

ముందుమాటకి రెండు పేజీలు ఖాళీగా వదిలి, అసలు పుస్తకం పేజీల అంకెలు దాని తర్వాత మొదలయ్యేలా విడి పేజీ స్టైల్ పెట్టుకోవాలి. ముందుమాట రాసే పెద్దాయన ఎంత మంచివారైనా అది పన్నెండో రోజు రాత్రే వస్తుంది, అదీ వాట్సాప్‌లో చేతిరాత ఫొటోలుగా. అంకెలు విడిగా ఉంటే అది రెండు పేజీలైనా మూడైనా మిగతా పుస్తకం అంకెలు కదలవు.

ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. రైటర్‌లో తెలుగు ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ కింద వస్తుంది. ఆప్షన్స్‌లో భాషల దగ్గర దాన్ని ఆన్ చేసి, పేరా స్టైల్‌లో దాని ఫాంటు, సైజు విడిగా పెట్టాలి. పైనున్న వెస్టర్న్ గడిలో 12 పెట్టి ఊరుకుంటే ఇంగ్లీషు మాటలు మారతాయి, తెలుగు మాత్రం పాత సైజులోనే కూర్చుంటుంది. లోపలి మేటర్‌కి నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు బాగుంది. మండలి ఫాంటు ఫోన్ తెర మీద హాయిగా ఉంటుంది గానీ కాగితం మీద అరవై పేజీలు చదవడానికి నాకు అంత రుచించలేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన వాటిలో గిడుగు, గురజాడ పేర్లున్నవి శీర్షికలకు మంచివి. ఉత్తరాంధ్ర వాళ్లం కాబట్టి వాటి మీద కొంచెం మమకారం కూడా ఉందనుకోండి.

ఇక ఈ మూడేళ్లలో తగిలిన ఒక్క పెద్ద దెబ్బ సంగతి. అది అయిదో పుస్తకం. 64 పేజీలు, 300 కాపీలు, ఆవిష్కరణ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆదివారం. గురువారం పీడీఎఫ్ ప్రెస్సుకి వెళ్లింది. శుక్రవారం ఉదయం వెల 80 నుంచి 100కి మార్చాల్సొచ్చింది. “ఒక్క అంకే కదా సార్, ఇక్కడే కొట్టేస్తాను, మళ్లీ మీరు ఫైలు పంపడమెందుకు” అన్నాడు ఆపరేటర్. సాయం చేద్దామనే అన్నాడు. కవర్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్ తెరిచి, వెల మార్చి, మొత్తం 64 పేజీలనూ మళ్లీ పీడీఎఫ్‌గా తీశాడు. ప్రూఫ్‌గా వచ్చింది వెల ఉన్న పేజీ ఒక్కటే. అది శుభ్రంగా ఉంది, ఎందుకంటే అందులో పెద్ద సంయుక్తాక్షరాలే లేవు. ఒప్పుకున్నది మనమే, కాబట్టి తప్పు పూర్తిగా అతని మీద వేయడానికీ లేదు.

మూడు ఫారాలు (ఫారం అంటే రెండు వైపులా కలిపి 16 పేజీలు పట్టే షీటు) అచ్చయ్యాక షీటు మడతపెట్టి చూస్తే ‘స్త్రీ’లో తవత్తు ఒకచోట, క్రావడి ఇంకోచోట. ‘లక్ష్మి’ కింద మవత్తు పక్క అక్షరానికి జారిపోయింది. మూడు ఫారాలు, 300 కాపీలు అంటే 900 డెమీ షీట్లు. రెండు రీములకు వంద తక్కువ. కాగితం, ప్లేట్లు, శనివారం రాత్రి మెషీన్‌మాన్ ఓవర్‌టైమ్, అన్నీ రెండోసారి.

కారణం తెలిస్తే ఈ తప్పు మళ్లీ జరగదు. పీడీఎఫ్‌లో పేజీ మీద ఉండేది అక్షరాల వరస కాదు, అక్షరాల ఆకారాలు, ఒక్కోటి ఎక్కడ నిలబడాలో కొలత. ‘స్త్రీ’ అనే మాట యూనికోడ్‌లో ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి. కానీ అచ్చులో ఆ గుడి వెళ్లి కూర్చునేది మొదటి ‘స’ తల మీద. ఒత్తులు దాని కింద వాటి కొలతల ప్రకారం నిలబడతాయి. పీడీఎఫ్‌ని చూపించడానికో, ప్లేటుకి పంపడానికో వాడినంతసేపూ ఆ కొలతలు చెక్కుచెదరవు. దిద్దడానికని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచిన క్షణంలో అది ఆకారాలను మళ్లీ అక్షరాలుగా చదవబోతుంది. ఆ ఫాంటు ఆ కంప్యూటర్‌లో లేకపోతే ఇంకోటి తెచ్చిపెడుతుంది. ఇంగ్లీషులో ఒక అక్షరానికి దాదాపుగా ఒకే ఆకారం గనక పెద్దగా తేడా తెలియదు. తెలుగులో కొంపలంటుకుంటాయి.

అప్పటి నుంచి ప్రెస్సుకి వెళ్లే ఫైలులో అసలు ఫాంటే ఉండదు. రైటర్ తీసిన పీడీఎఫ్‌ని ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే, కమాండ్‌తో నడిచే సాఫ్ట్‌వేర్‌లో వేసి, పీడీఎఫ్‌రైట్ డివైస్‌కి ‘నో అవుట్‌పుట్ ఫాంట్స్’ ఆప్షన్ జోడిస్తే ప్రతి అక్షరమూ గీతలుగా మారిపోతుంది, ప్రెస్సువాళ్ల భాషలో ‘కర్వ్స్’. అదే కమాండ్‌లో రంగుల మార్పిడిని గ్రే అని పెట్టాలి. ఎందుకంటే రైటర్ పీడీఎఫ్‌లో నలుపు కూడా ఆర్‌జీబీ (తెర మీది మూడు రంగుల) నలుపే. దాన్ని ప్రెస్సులో నాలుగు రంగులకు విడగొడితే సన్నని అక్షరం చుట్టూ మసక వస్తుంది. అక్షరం రంగు ‘ఆటోమేటిక్’గానే వదలండి. ముదురు బూడిద రంగు శీర్షికలు తెర మీద అందంగా ఉంటాయి, సింగిల్ కలర్ అచ్చులో చుక్కలు చుక్కలుగా పడతాయి.

ఈ పద్ధతికీ లోటు ఉంది. గీతలుగా మారిన అక్షరం డిజిటల్ ప్రింటులో రవ్వంత లావుగా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్‌లో అంత తెలియదు. ఫైలు సైజు పెరుగుతుంది. అందులో మాట వెతకడం కుదరదు, అందుకని మొదటి పీడీఎఫ్‌ని పారేయకుండా దాచుకోవాలి. ప్రతి చిన్న మార్పుకీ రైటర్‌కి తిరిగి వెళ్లి, పీడీఎఫ్ తీసి, మళ్లీ ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో వేయాలి. అయిదు నిమిషాల పని. అదే పని తప్పించుకోబోయి 900 షీట్లు పోయాయి.

మొదటి రెండు పుస్తకాలయ్యాక తెలిసినవాళ్లందరికీ ‘ఇంక డీటీపీ సెంటరే అక్కర్లేదు’ అని చెప్పిన మాట నిజమే. ఆ మాటని కొంచెం సర్దుకోవాలి. తెలుగు మాటలు పొడుగు. 105 మి.మీ. లైనుని రెండు వైపులా సమంగా సర్దితే రైటర్ ఏ లైనుకా లైను చూసుకుంటుంది. పేరా మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని సర్దే ఇన్‌డిజైన్ పద్ధతి దీనికి లేదు. దాంతో కొన్ని లైన్లలో మాటల మధ్య సందులు తెరుచుకుంటాయి. పొడుగు మాట మధ్యలో కంట్రోల్, మైనస్ కలిపి నొక్కి సాఫ్ట్ హైఫన్ పెడితే అవసరమైనచోటే విరుగుతుంది. 64 పేజీలకు ఇలాంటివి నలభై, యాభై దాకా చేత్తో పెట్టాల్సొచ్చింది. వచన కవిత్వమైతే ఈ బాధే లేదు. పద్యాలు, పట్టికలు, బొమ్మలు ఎక్కువున్న పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ తెలిసిన చేతికే ఇస్తాను.

స్పెల్‌చెకర్‌ని నమ్ముకోలేం. మన సంధులకు, విభక్తులకు అది పేజీ అంతా ఎర్రగీతలు గీస్తుంది. ఆపేసి, ఫైండ్‌లో కొన్నిటిని వెతకడం మేలు: కామా ముందు ఖాళీ, జంట ఖాళీలు, విసర్గ ఉండాల్సినచోట కోలన్, సున్న ఉండాల్సినచోట తెలుగు అంకె సున్న. ఈ చివరిది కంటికి అసలు దొరకదు. ఇంకొకటి, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనపడకుండా నిలబడి అక్షరాలను కలవనివ్వని నాన్‌జాయినర్ గుర్తు. వాట్సాప్‌లోనో మెయిల్లోనో తిరిగొచ్చిన మేటర్‌లో అది కొన్నిసార్లు రాలిపోయి ‘ట’ కింద వవత్తు పడుతుంది. 200 పక్కన ఇంగ్లీషు సి కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే తిరిగొస్తుంది.

గడువు పనిలో ఉండగా రైటర్‌ని, ఫాంట్లని అప్‌డేట్ చేయొద్దు. ఒక్క ఫాంటు మారినా 64 పేజీలు 65 కావచ్చు, ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం ఎత్తాలి. పన్నెండో రోజు తర్వాత లైన్ల సంఖ్య మారే దిద్దుబాటు ఏదీ ముట్టుకోకూడదు. చివరి రాత్రి దిద్దుకునే వీలు మన చేతిలో ఉండటం ఈ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఇంకో మేలు, దాని నష్టమూ అదే. చెయ్యి ఊరుకోదు.

ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే అంతర్జాతీయ నంబరుకి, మొదటి రోజే దరఖాస్తు పెట్టాలి. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, కానీ మన ఆదివారం దానికి పట్టదు. వెనక కవర్ మీద దాని బార్‌కోడ్‌కి 37 × 26 మి.మీ. జాగా వదిలి పనిలోకి దిగిపోవడమే. కవర్ రైటర్‌లో చేయొద్దు, పేజీలు డిజైన్ చేసే స్క్రైబస్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే నాలుగు రంగుల పీడీఎఫ్ నేరుగా వస్తుంది. తెలుగు సరిగా కూర్చోవాలంటే 1.6 వెర్షన్ వాడండి.

64 పేజీలు 70 జీఎస్ఎం మాప్లితో కాగితం మీద మూడు మి.మీ. మందం దాటదు. దానికి సెంటర్ పిన్ (మధ్య మడత మీద పిన్నులు కొట్టడం) చాలు. గమ్ బైండింగ్ చేయించినా వెన్ను మీద పేరు పట్టదు. సెంటర్ పిన్‌లో మధ్య షీట్లు ఒకటిన్నర మి.మీ. దాకా బయటికి పొడుచుకొచ్చి కత్తెరలో పోతాయి, బయటి మార్జిన్ 15 పెట్టింది అందుకే.

మొత్తం మీద నాకు కుదిరింది. నావన్నీ సింగిల్ కలర్ వచనం, వంద పేజీల లోపు, కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక ఉంది, ప్రెస్సు స్కూటర్ మీద పావుగంట దూరం. వీటిలో రెండు లేకపోయినా డీటీపీకి డబ్బు పెట్టడమే తక్కువ ఖర్చవుతుందేమో. ప్రెస్సు మాత్రం మార్చలేదు, అదే ఆపరేటర్. ఇప్పుడు ఫైలు పేరులోనే ‘తెరవొద్దు’ అని రాసి పంపుతున్నాను.

కవర్ గురించి ఒక్కటి. సముద్రపు గాలికి, ముఖ్యంగా జూలై నుంచి అక్టోబర్ దాకా, మ్యాట్ లామినేషన్ కవర్లు బయటికి వంకర తిరుగుతాయి. లామినేషన్ లేని లోపలి వైపు చెమ్మ పీల్చి సాగుతుంది, పైవైపు సాగదు. కార్డు 300 జీఎస్ఎం తీసుకుని, దాని పోగు (నారల వరస) వెన్నుకి సమాంతరంగా ఉండేలా కోయించాలి. కట్టలు రాగానే విప్పకుండా ఒక రాత్రి బరువు కింద ఉంచి, సభ రోజు పొద్దున విప్పితే బల్ల మీద పుస్తకాలు చదునుగా పడుకుంటాయి.