ఏడేళ్లుగా జెనోడోలో నా డేటా

నేల ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్ల రీడింగులతోనే నా పరిశోధనంతా. ఆ ఫైళ్లను ఏడేళ్లుగా జెనోడో అనే వెబ్‌సైట్లో పెడుతున్నాను. ఇప్పటికి 14 డిపాజిట్లయ్యాయి. ఇది నమ్మదగ్గ చోటని ధైర్యంగా చెప్తాను. అయితే మన డేటా ఇంకొకరికి అక్కరకొస్తుందా అన్నది మాత్రం ఎక్కించేటప్పుడు అడిగే చిన్న చిన్న గడుల్లో మనం ఏం నింపామన్నదాన్ని బట్టే ఉంటుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడిపే రిపాజిటరీ ఇది, అంటే పరిశోధన ఫైళ్లను దాచి అందరికీ అందించే చోటు. 2013లో మొదలైంది. ఏ దేశంవారైనా, ఏ సబ్జెక్టువారైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒక్కో రికార్డులో మామూలుగా 50 జీబీ దాకా పడుతుంది. పబ్లిష్ నొక్కితే డీఓఐ వస్తుంది, అంటే ఆ రికార్డుకు శాశ్వతమైన గుర్తింపు. 2023 అక్టోబర్‌లో సైటునంతా కొత్త సాఫ్ట్‌వేర్‌కు మార్చారు. నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది కానీ నా పాత డీఓఐలన్నీ ఎప్పటిలాగే తెరుచుకున్నాయి.

నేను ఎక్కువగా తడబడింది ఈ డీఓఐ దగ్గరే. జెనోడో రెండు డీఓఐలు ఇస్తుంది. ఒకటి ఆ వెర్షన్‌కు మాత్రమే. రెండోది అన్ని వెర్షన్లకూ కలిపి, అది ఎప్పుడూ తాజా వెర్షన్‌కే తీసుకెళ్తుంది. మొదటి పేపర్లో రెండోదే ఇచ్చాను, చదివేవాళ్లకు కొత్త డేటా దొరుకుతుంది కదా అని. ఏడాది తర్వాత రెండు సెన్సర్లు తప్పు చూపించాయని తేలింది. ఆ వరసలు తీసేసి కొత్త వెర్షన్ పెట్టాను. పేపర్లోని పట్టికలు మాత్రం పాత డేటాతో వేసినవి. ఒక విద్యార్థిని నా లెక్క మళ్లీ చేసి చూస్తే అంకెలు కలవలేదు. తప్పు తన కోడ్‌లోనే ఉందనుకుని మూడు వారాలు వెతుక్కుందట. ఆ మెయిల్ చదివి చాలా బాధపడ్డాను. అప్పటినుంచి పేపర్లో లెక్క కట్టిన వెర్షన్ డీఓఐనే ఇస్తున్నాను. అన్నిటికీ కలిపి ఉన్నది నా పరిచయ పేజీలో పెట్టుకున్నాను.

ఇంకొకాయన రాసిన మెయిల్ ఇంకా గట్టిగా తగిలింది. నా ఫైల్లో సగటు ఉష్ణోగ్రత సున్నాకు బాగా కింద వస్తోంది, ఇది ఏ చోటి నేల అని అడిగారు. రీడింగ్ రాని చోటల్లా నేను -999 అని వేసుకునేవాణ్ణి. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. కాలమ్ పేరు వట్టి 'టెంప్'. అది సెల్సియస్సా, కెల్విన్నా, ఎంత లోతున కొలిచింది, ఏదీ లేదు. 2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాలు అప్పటికే నాకు నోటికి వచ్చు: డేటా దొరకాలి, అందాలి, మిగతా డేటాతో కలవాలి, మళ్లీ వాడుకోగలగాలి. నా ఫైల్ దొరికింది, అందింది. వాడుకోవడానికే వీల్లేకపోయింది. ఇప్పుడు రీడ్‌మీ ఫైల్ రాయనిదే డిపాజిట్ చేయను. ఒక్కో కాలమ్‌కు ఒక్కో లైన్: పేరు, ప్రమాణం, ఖాళీకి గుర్తు. అరపూట పని.

లైసెన్స్ విషయంలో మొదట భయపడి, క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో వ్యాపారానికి వాడకూడదన్న ఎన్‌సీ రకం పెట్టాను. ఫీజు తీసుకునే శిక్షణ తరగతిలో వాడొచ్చా అని ఒకరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడన్నీ సీసీ బై. నా పేరు చెప్పి ఎవరేం చేసుకున్నా సంతోషమే. ఒకటి గుర్తుంచుకోండి, ఒకసారి ఇచ్చిన సీసీ లైసెన్స్‌ను వెనక్కి తీసుకోలేం.

పేపర్ల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఒకసారి పత్రికవాళ్లు పేజీలు కట్టిన పీడీఎఫ్‌నే ఎక్కించేశాను. నేను సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం రివ్యూ అయ్యాక నేనిచ్చిన ఆఖరి రాతప్రతిని మాత్రమే, అదీ 12 నెలల ఎంబార్గో (ఆగాల్సిన గడువు) తర్వాతే పెట్టాలి. రచయితే తన రాతప్రతిని ఇలా అందరికీ ఉచితంగా అందేలా పెట్టడాన్నే గ్రీన్ ఓపెన్ యాక్సెస్ అంటారు. వాళ్లు మెయిల్ పెడితే తీయించాను. ఫైల్ పోయినా, దాన్ని తొలగించామని చెప్పే పేజీ ఆ డీఓఐ దగ్గర అలాగే ఉంటుంది. చేయి తిరిగేదాకా జెనోడో శాండ్‌బాక్స్‌లో ప్రాక్టీస్ చేసుకోవడం మేలు. అక్కడి డీఓఐలు ఉత్తుత్తివి.

లోటు ఏమిటంటే, మనం పెట్టేదాంట్లో నాణ్యతను చూసి సరిదిద్దే మనిషి అక్కడ ఉండరు. మీ రంగానికి ప్రత్యేకమైన రిపాజిటరీ, అందులో డేటాను పరిశీలించే సిబ్బంది ఉంటే ముందు అటే వెళ్లండి. అలాంటిది లేని నాలాంటివాళ్లకు జెనోడో చాలు. నేనైతే పబ్లిష్ నొక్కేముందు రీడ్‌మీని ఈ పనితో సంబంధం లేని స్నేహితురాలికి పంపుతాను. ఆవిడకు అర్థం కాని కాలమ్ ఒక్కటున్నా ఆ రోజుకు ఆపేస్తాను.