చిన్న తెరకు మన కొలతలు: ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్

వెబ్‌సైటు తెర వెడల్పును బట్టి తానే సర్దుకోవాలన్న పద్ధతికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అనే పేరు 2010లో ఈథన్ మార్కాట్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. ఆ పద్ధతి తెరను కొలుస్తుందే గానీ, దాన్ని చూస్తున్న మనిషికి చత్వారం ఉందా, ఆ రోజుకు డేటా ఎంత మిగిలింది, ఆ పేజీలో అతనికి కావలసింది ఏమిటి అన్నవి దానికి పట్టవు. ఆ మిగిలిన పనిని వాడుకరే చేసుకోవడానికి ఆండ్రాయిడ్ ఫోనులో దొరికే సాధనాలలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, దానిలో చేర్చుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్‌ఆన్ (బ్రౌజరుకు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాము) నాకు మెరుగైన జోడీగా తోచాయి. రెండూ ఉచితం.

ముందు బ్రౌజరు సంగతి. అడ్రస్ బారును తెర అడుగుకు తెచ్చుకోవచ్చు కనుక ఒంటి చేత్తో పట్టుకున్నప్పుడు బొటనవేలికి అందుతుంది. యాక్సెసిబిలిటీ సెట్టింగులలో అక్షరాల పరిమాణాన్ని ఫోనుతో సంబంధం లేకుండా పెంచుకోవచ్చు. వేళ్లతో పెద్దది చేయడాన్ని అడ్డుకునే వెబ్‌సైట్లలో కూడా జూమ్ పనిచేసేలా చేసే మీట ఒకటి అక్కడే ఉంది. ఈ రెండు సౌకర్యాలూ క్రోమ్‌లోనూ ఉన్నాయి. వ్యాసాలు చదివేవారికి, పేజీలో వ్యాసాన్ని మాత్రమే మిగిల్చి చూపే రీడర్ వ్యూ చక్కగా ఉపయోగపడుతుంది గానీ, ఫారాలు నింపే పేజీలకు అది వర్తించదు.

అసలు తేడా యాడ్‌ఆన్‌లతో వస్తుంది. 2020లో తిరగరాసిన తరువాత ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ చాలాకాలం గుప్పెడు యాడ్‌ఆన్‌లకే పరిమితమై, 2023 డిసెంబరులో గాని యాడ్‌ఆన్‌ల తయారీదారులందరికీ తలుపులు తెరవలేదు. రేమండ్ హిల్ తయారుచేసిన యూబ్లాక్ ఆరిజిన్ ఆ గుప్పెడులో మొదటినుంచీ ఉంది. దీన్ని ప్రకటనలను ఆపే పరికరంగానే చాలామంది వాడుతున్నారు. చిన్న తెర విషయంలో దాని విలువ అంతకంటే ఎక్కువని నా అభిప్రాయం. పేజీలో మనకు అక్కరలేని భాగాన్ని, అది యాప్ దించుకోమని వేలాడే పట్టీ కావచ్చు, చదువుతున్న వార్తను సగం కప్పేసే వీడియో పెట్టె కావచ్చు, తాకి ఎంచుకుని శాశ్వతంగా దాచేయవచ్చు. యూబ్లాక్ మెనూలోని మెరుపు గుర్తుతో అయితే ఆ ఒక్కసారికే తొలగుతుంది. కొన్ని కిలోబైట్ల పరిమితి పెట్టి, అంతకంటే పెద్ద బొమ్మలను మనం తాకితే తప్ప దించుకోకుండా ఆపే మీట కూడా ఉంది.

తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసింది ఫాంట్ల మీట. గుణింతాలూ ఒత్తులూ కలిసిన రూపాలన్నీ ఇముడ్చుకోవాలి కనుక పేజీతో పాటు సైటు పంపే తెలుగు ఫాంట్లు (వెబ్ ఫాంట్లు) సాధారణంగా ఇంగ్లీషు ఫాంట్ల కంటే బరువుగా ఉంటాయి. వాటిని సైటు వారీగా ఆపేస్తే ఫోనులో ఉన్న తెలుగు ఫాంటుతోనే పేజీ తెరుచుకుంటుంది, నెట్ నెమ్మదిగా ఉన్నచోట నిరీక్షణ తగ్గుతుంది. అయితే గుర్తులను కూడా ఫాంటు రూపంలో పంపే సైట్లలో మెనూ, వెతుకు బొమ్మల స్థానంలో ఖాళీ గడులు మిగులుతాయి. అటువంటి చోట మీటను వెనక్కి తిప్పక తప్పదు.

లోపాలూ తక్కువేమీ కావు. అక్షరాలు పెంచినప్పుడు, ఎత్తు బిగించి ఉంచిన బొత్తాలలో తెలుగు ఒత్తుల అడుగు భాగం తెగిపోతుంది. ఆ తప్పు సైటు తయారీదారుదే అయినా ఇబ్బంది మాత్రం మనదే. వ్యాసాల సైట్లలో ఏ భాగాన్ని దాచాలో చెబుతూ ఒకసారి పెట్టిన నియమం చాలాకాలం నిలుస్తుంది గానీ, ఆన్‌లైన్ దుకాణాల వంటి వెబ్ అప్లికేషన్లలో పేజీ భాగాలకు కోడులో పెట్టే పేర్లు తరచూ మారుతుంటాయి కనుక దాచిన పెట్టె మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. చెల్లింపు పేజీలలో ఏదీ దాచకపోవడం క్షేమం, ఎందుకంటే అక్కరలేనిదిగా కనిపించిన పెట్టెలోనే ఓటీపీ అడిగే గడి ఉండవచ్చు. ఐఫోనులోని ఫైర్‌ఫాక్స్‌కు యాడ్‌ఆన్‌లు లేవు కనుక ఈ సిఫారసు ఆండ్రాయిడ్ వారికే.

ఈ సర్దుబాట్లు ఎక్కువగా అవసరమైనది పెద్దవారికి. వాటిని వెతికి పెట్టుకునే ఓపిక తక్కువగా ఉండేదీ వారికే. ఇంట్లో ఎవరైనా ఒకరు కూర్చుని, వారు రోజూ తెరిచే నాలుగైదు సైట్లకు సరిచేసి ఇవ్వాలి. పని ముగిశాక యూబ్లాక్ సెట్టింగులలోని బ్యాకప్ సదుపాయంతో నియమాలన్నీ ఒక ఫైలుగా దాచిపెడితే, ఫోను మారినప్పుడు ఆ శ్రమంతా మళ్లీ పడనక్కరలేదు.