రోడ్లకూ రేవులకూ డబ్బు: దేశానికి ఏ నిధి మేలు?

విదేశీ మారక నిల్వల లెక్క పేపర్లో వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: "అన్ని డాలర్లు ఊరికే మూలుగుతున్నాయి కదా, నార్వేలాగా మనమూ ఒక సార్వభౌమ నిధి (దేశం సొమ్మును పెట్టుబడిగా పెట్టే ప్రభుత్వ నిధి) పెట్టి రోడ్లూ రేవులూ కట్టుకోకూడదా?" ఇంకొందరు ప్రభుత్వ సంస్థల వాటాలన్నీ సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్ తరహాలో ఒక్క కంపెనీ కిందికి తెమ్మంటారు. ప్రభుత్వ సొమ్మూ బయటివాళ్ల సొమ్మూ కలిపి మౌలిక వసతుల్లో పెట్టడానికి 2015లో పెట్టిన ఎన్‌ఐఐఎఫ్ ఉండనే ఉంది. వీటిలో ఏది మేలు అంటే, రాబడి ఎంతన్నది తర్వాత. ప్రాజెక్టు మునిగితే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో నేను ముందు చూస్తాను.

నార్వేది చమురు అమ్మగా మిగిలిన సొమ్ము. మనం చమురు కొనుక్కునేవాళ్లం. 2025 మార్చి చివరికి మన నిల్వలు సుమారు 668 బిలియన్ డాలర్లు, విదేశీ అప్పు సుమారు 736 బిలియన్లు. దీన్ని మిగులని ఎలా అంటాం? పైగా ఆ డాలర్లు కొన్న రోజే రిజర్వు బ్యాంకు వాటికి రూపాయలు ఇచ్చేసింది. రోడ్డు పనిలో కూలీకీ కంకరకూ కావలసింది రూపాయలే. అవే డాలర్లు చూపించి మళ్లీ రూపాయలు అడిగితే ఒకే డాలరుకు రెండుసార్లు నోట్లు వదిలినట్టు. ఆ భారం ధరల రూపంలో అందరి మీదా పడుతుంది. 2004లో ప్రణాళికా సంఘం నుంచి మాంటెక్ సింగ్ అహ్లువాలియా ఈ ఆలోచన తెచ్చినప్పుడు గట్టి చర్చే జరిగింది. చివరికి మిగిలింది చిన్న దారి: మౌలిక వసతులకు అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ ఐఐఎఫ్‌సీఎల్ 2008లో లండన్‌లో ఒక అనుబంధ సంస్థ పెట్టి, ఆ నిల్వల నుంచి తీసుకున్న డాలర్లతో యంత్రాల దిగుమతికి అప్పులివ్వడం. ఆ మాటకొస్తే నార్వే కూడా తన నిధిని సొంత దేశంలో పెట్టదు, బయటి దేశాల్లోనే పెడుతుంది. 1991లో 47 టన్నుల బంగారం ఇంగ్లండుకు తరలించి అప్పు తెచ్చుకున్న మనం ఈ నిల్వల జోలికి వెళ్లకూడదనే నా గట్టి అభిప్రాయం.

టెమాసెక్ దారి నాకు నచ్చుతుంది, కానీ మన దగ్గర నమ్మకం కుదరదు. 2018 జనవరిలో హెచ్‌పీసీఎల్‌లో ప్రభుత్వ వాటాను ఓఎన్‌జీసీ చేత 36,915 కోట్లకు కొనిపించారు. హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీకి దానివల్ల కొత్తగా ఒక్క పైపు కూడా రాలేదు, ఖజానా లోటు మాత్రం ఆ మేరకు పూడింది. వాటాలన్నీ ఒకే చోట చేరితే, బడ్జెట్ బిగిసిన ప్రతి ఏడాదీ చెయ్యి అక్కడికే పోతుంది. సింగపూర్‌లో పాత నిల్వలు ముట్టుకోవాలంటే ఎన్నికైన అధ్యక్షుడి ఆమోదం కావాలి. అలాంటి తాళం మన దగ్గర లేదు.

అందుకే నా మొగ్గు ఎన్‌ఐఐఎఫ్ వైపు. ఇందులో ప్రభుత్వ వాటా 49 శాతం. మిగతాది అబుదాబీ ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ, టెమాసెక్, ఆస్ట్రేలియా, కెనడా పింఛను నిధుల వంటివాళ్లదీ, మన బ్యాంకులదీ. నష్టమొస్తే వాళ్లకూ తగులుతుంది కాబట్టి భూసేకరణ ఎంతవరకు వచ్చింది, టోల్ అంచనా ఎవరు వేశారు అని ముందే నిలదీస్తారు. గట్టి నిలదీత లేకపోవడమూ ఒక కారణమై, మౌలిక వసతులకు డబ్బు సమకూర్చే ఐఎల్‌ఎఫ్‌ఎస్ 2018లో 90 వేల కోట్లకు పైగా అప్పుతో కూలింది. నిదానమే దీని లోపం. 2015 బడ్జెట్లో ప్రకటిస్తే, అబుదాబీ సంస్థ సంతకం చేసేసరికి 2017 అక్టోబరు. దేశ అవసరం ముందు దీని పరిమాణమూ చిన్నదే.

మౌలిక వసతులకు అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ నాబ్‌ఫిడ్ సంగతీ అడుగుతున్నారు. 2021 చట్టంతో, 20,000 కోట్ల మూలధనంతో వచ్చింది. అప్పులిచ్చే సంస్థగా అవసరమే, కానీ దాని ప్రధాన పని అప్పులివ్వడమే, వాటాదారుగా నిలదీయడం కాదు.

ఎన్‌ఐఐఎఫ్‌తో నా పేచీ వేరే ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి టోల్ రోడ్డును అది కొన్నది, అప్పటికే బళ్లు తిరుగుతున్న రోడ్డు. అలాంటివాటికి ప్రైవేటు డబ్బు ఎలాగూ దొరుకుతుంది. దొరకనిది కట్టే దశలోనే. భోగాపురం విమానాశ్రయం ఇంకా కడుతుండగానే 2023లో 675 కోట్లు పెట్టడానికి ఒప్పుకుంది. ప్రభుత్వం తన 49 శాతం సొమ్ములో ఎక్కువ భాగం ఇలాంటి కొత్త నిర్మాణాలకే పోవాలని రాతపూర్వకంగా షరతు పెట్టాలి.