ముక్కు ఆపరేషన్ల షేవర్: మోటారు కన్నా సక్షన్ దారి మెరుగు

నెల్లూరు పొగతోటలో నేను పనిచేసే చెవి ముక్కు గొంతు ఆసుపత్రికి ఒక కొత్త షేవర్ యంత్రం వచ్చింది. దాన్ని థియేటర్‌లో బిగించి, డాక్టరుగారి చేతికి అందించి, పని అయ్యాక విప్పి కడిగే టెక్నీషియన్‌గా ఈ సమీక్ష రాస్తున్నాను. పాత యంత్రం మీద ఫిర్యాదులు కూడా చెప్పవలసి ఉంది కనుక రెండు కంపెనీల పేర్లూ రాయడం లేదు; కొనాలనుకునేవారికి ఏ భాగాన్ని ఎలా పరీక్షించుకోవాలో తెలిస్తే చాలు.

ముక్కులో పెరిగిన కండను, సైనస్‌ల దగ్గర వాచిన పొరను కత్తిరించి, అదే గొట్టంలోంచి బయటికి లాగేసే పనిముట్టు ఇది. బ్లేడు అని పిలుస్తాం గానీ చూడటానికి కత్తిలా ఉండదు. ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు సన్నని స్టీలు గొట్టాలు, రెండింటికీ కొస దగ్గర చిన్న కిటికీ ఉంటాయి. బయటి గొట్టం కదలదు, లోపలిది తిరుగుతుంది. సక్షన్, అంటే పంపు పీల్చే శక్తి, కండను కిటికీలోకి లాగితే, రెండు అంచుల మధ్య అది తెగి, లోపలి గొట్టం గుండా సక్షన్ సీసాలోకి పోతుంది. 1969లో జాక్ అర్బన్ పేటెంట్‌కు దరఖాస్తు చేసిన ఈ పద్ధతి సైనస్ ఆపరేషన్లలోకి వచ్చింది మాత్రం 1990లలోనే.

షేవర్ మూసుకుపోతే పోయేది కాస్త సమయమే కదా అనిపించవచ్చు. కానీ రక్తాన్ని ఎప్పటికప్పుడు తీసేసి, ముక్కు లోపలిని తెర మీద చూపించే ఎండోస్కోపుకు చూపు ఇచ్చేది కూడా ఆ సక్షనే. సక్షన్ పైపులో కదులుతున్న ఎర్రటి నీరు ఉన్నట్టుండి నిలిచిపోతుంది, ఆ వెంటనే తెర మీద అంతా ఎరుపే కనిపిస్తుంది. కంటి గూటికీ ముక్కుకూ మధ్య కాగితమంత పలుచని ఎముక ఒక్కటే అడ్డుగా ఉన్న చోట చూపు పోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. డాక్టరుగారు పరికరాన్ని బయటికి తీయాలి, నేను లోపలి గొట్టం లాగి సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయాలి, మళ్లీ బిగించాలి. పాత యంత్రంతో పెద్ద పాలిప్‌ల (ముక్కులో పెరిగిన కండల) కేసు పడిందంటే ఇదే తంతు.

దీనికి మందు పెద్ద సక్షన్ పంపు అని డీలర్లు చెబుతారు. నేను ఒప్పుకోను. పంపు ఎంత ఖరీదైనదైనా వాతావరణ పీడనాన్ని మించి, అంటే 760 మిల్లీమీటర్ల పాదరసానికి మించి, లాగలేదు. గొట్టం లోపలి వ్యాసం 2.5 మిల్లీమీటర్లు అనుకుంటే, అందులో ఇరుక్కున్న ముక్క మీద పడే గరిష్ఠ బలం సుమారు 50 గ్రాముల బరువుకు సమానం. అంత కొద్ది బలానికి కదలని ముక్కను కదిలించడం ఏ పంపుకూ సాధ్యం కాదు కాబట్టి, ముక్క ఇరుక్కోకుండా దారిని తయారు చేయడం ఒక్కటే మార్గం.

కొత్త యంత్రం బాగున్నది సరిగ్గా ఇక్కడే. దీని కిటికీయే దారి మొత్తంలో అన్నిటికన్నా ఇరుకైన చోటు. అందులో పట్టిన ముక్క వెనక ఎక్కడైనా పడుతుంది. పాతదానిలో స్టీలు గొట్టం దాని వెనక కొసనున్న ప్లాస్టిక్ హబ్‌లో కలిసే చోట చిన్న మెట్టు ఉండేది, ఎముక పెంకులు ఎప్పుడూ అక్కడే తట్టుకునేవి, వాటి వెనక మెత్తని కండ పేరుకునేది. పైగా బ్లేడును బిగించి చేత్తో పట్టుకునే హ్యాండ్‌పీస్ లోపల సక్షన్ దారి పక్కకు మలుపు తిరిగేది. కొత్తదానిలో మెట్టూ లేదు, మలుపూ లేదు. బ్లేడు తీసి హ్యాండ్‌పీస్‌ను దీపానికి పట్టి చూస్తే అవతలి వెలుగు కనిపిస్తుంది. పని అయ్యాక బ్రష్ సాఫీగా దూరిపోతుంది కనుక కడగడం కూడా తేలికైంది.

వేగం సంగతికి వస్తే, నిమిషానికి 5000 చుట్లు అని గొప్పగా రాసుకున్నారు. ఆ వేగంలో ఒక చుట్టుకు పట్టేది 12 మిల్లీసెకన్లు, కిటికీ తెరిచి ఉండేది అందులో కొంత భాగమే. కండ లోపలికి రాకముందే అంచు దాటిపోతుంది. 1500కు తగ్గిస్తే 40 మిల్లీసెకన్లు దొరుకుతాయి, ముక్క పెద్దది తెగుతుంది, మరీ తగ్గిస్తే ఆ పెద్ద ముక్కే అడ్డం పడుతుంది. అందుచేత వేగాన్ని ఫుట్‌స్విచ్ మీద కాలితోనే సన్నగా మార్చుకోగలగడం గరిష్ఠ వేగం కన్నా విలువైన సౌకర్యం, ఇందులో అది చక్కగా కుదిరింది.

సెలైన్ నీటిని మాత్రం ఎవరూ తేలికగా తీసుకోకూడదు. చీమకుర్తిలో గ్రానైట్ కోసేటప్పుడు రంపం మీద నీళ్లు ఆగితే రాతిపొడి ముద్దకట్టినట్టే, ఇక్కడ ఎముక పొడి చీమిడితోనూ రక్తంతోనూ కలిసి గొట్టం గోడలకు అంటుకుపోతుంది. బ్లేడు వెంట వచ్చే సన్నని సెలైన్ ధార ఆగకుండా చూసుకోవడం నా పనే కనుక, ఈ కన్సోల్‌లో (యంత్రాన్ని నడిపే పెట్టెలో) నీటి పంపు షేవర్‌తో పాటే మొదలై దానితో పాటే ఆగడం నాకు నచ్చింది.

ఇక లోపాలు. వంపు బ్లేడు ఇప్పటికీ వంపు దగ్గర మూసుకుపోతుంది. తిన్నని బ్లేడుకు వచ్చిన మెరుగుదల దానికి రాలేదు. పిల్లలకు వాడే 2.9 మిల్లీమీటర్ల బ్లేడు నెల్లూరులో దొరకదు, చెన్నై నుంచి తెప్పించుకోవాలి. హ్యాండ్‌పీస్ కొంచెం బరువు.

ఒకసారి వాడి పారేయమని ముద్రించిన బ్లేడులను కడిగి, ఇ.టి.ఓ. (క్రిములను చంపే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు) పెట్టి మళ్లీ వాడే అలవాటు మన వైపు ఉన్న మాట నిజమే. రోగులకు ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం అటుంచి, అరిగిన అంచు కండను కోయదు, పీకుతుంది. పీకిన పీచు రెండు గొట్టాల సందులోకి దూరి చుట్టుకుంటుంది. అలాంటి బ్లేడు పెట్టి యంత్రం బాగాలేదనడం అన్యాయం.

డెమోకు వచ్చేవారు సాధారణంగా కోడిగుడ్డు సొన పీల్చి చూపిస్తారు, దానితో ఏ షేవరూ మూసుకుపోదు. కోడి చర్మాన్ని కొవ్వుతో సహా తెప్పించి, సెలైన్ ధార తగ్గించి, వాళ్ల బ్లేడుతోనే కోయించి పైపు వైపు చూడండి. ఆ బ్లేడు మళ్లీ ట్రేలోకి చేరకుండా అప్పుడే పారవేయించండి.