లెన్‌స్టరా, మన్‌స్టరా?
బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్‌లో నలుగురం తెలుగువాళ్లం. ఈ రెండు ఐర్లాండ్ రగ్బీ జట్ల మ్యాచ్ వస్తోందంటే చెరో వైపు చేరిపోతాం.

లెక్కలు చూస్తే డబ్లిన్ జట్టు లెన్‌స్టర్‌దే పైచేయి. యూరప్ కప్పు 4 సార్లు గెలిచింది, మన్‌స్టర్ 2 సార్లే. 2009 సెమీఫైనల్లో 82 వేల మంది ముందు మన్‌స్టర్‌ను 25-6తో ఓడించింది కూడా.

కానీ నా మనసు మన్‌స్టర్ వైపే. 1978లో న్యూజిలాండ్‌ను 12-0తో మట్టి కరిపించింది వాళ్లే, లిమరిక్‌లోని సొంత మైదానం తోమండ్ పార్క్‌లో. అక్కడ ప్రత్యర్థి పెనాల్టీ కిక్ కొడుతున్నా ప్రేక్షకులు నోరు మెదపరు. ఆ మర్యాద చూస్తే ఒళ్లు పులకరిస్తుంది!

ఆట డబ్లిన్‌లో అయితే లెన్‌స్టరే గెలుస్తుందనిపిస్తుంది. తోమండ్‌లో అయితే మాత్రం నేను మన్‌స్టర్‌నే నమ్ముతాను.