మలుపు అవతల మా ఆయన గొంతు: హెల్మెట్ ఇంటర్‌కామ్ రివ్యూ

మిత్రులను బండ్ల మీద కొండల్లోకి తీసుకెళ్లే ముందు మేమిద్దరం వెళ్లి దారి చూసి వస్తాం. మా ఆయన ముందు, నేను వెనక, ఎవరి బండి వాళ్లదే. ఇన్నాళ్లూ హారన్, చేతి సైగలే దిక్కు. ఈసారి హెల్మెట్లకు బ్లూటూత్ ఇంటర్‌కామ్ బిగించుకున్నాం. నాలుగు రోజులు వాడాక రాస్తున్నాను.

డబ్బా మీద రేంజ్ 1 కిలోమీటరు అని ఉంది. అది మధ్యలో ఏ అడ్డూ లేనిచోట లెక్క. కొండ అడ్డం వస్తే సిగ్నల్ నిలవదు. ఆయన మలుపు తిరిగి 200 మీటర్లు పోయేసరికి మాట తెగిపోయేది. మళ్లీ దగ్గరయ్యాక దానంతట అదే కలవాలి. రెండుసార్లు కలవలేదు. బండి ఆపి, గ్లవ్స్ తీసి, ఆ చిన్న బటన్ నొక్కాల్సి వచ్చింది. ఇది నాకు అస్సలు నచ్చలేదు.

అయినా దీన్ని వదులుకోను. మూడోరోజు వాగు దగ్గర ఆయన ముందు దాటి, అవతలి ఒడ్డు నుంచి చెబుతున్నారు: "ఎడమపక్క గుండ్రాళ్లు జారుతున్నాయి, కుడికి రా. ఫస్ట్ గేర్‌లోనే ఉంచు. నీళ్లకేసి చూడకు, నన్ను చూడు." అంత టెన్షన్‌లోనూ నా చేతుల వణుకు ఆగింది.

చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. రాత్రిళ్లు స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకున్నాం. మైకు పెదాలకు దగ్గరగా ఉండాలి, లేదంటే అంతా గాలి హోరే. గుంపుగా వెళ్లేటప్పుడు మాత్రం మెష్ రకం తీసుకుంటాం. అందులో మధ్యలో ఉన్న బండి ముందువాళ్ల మాటను వెనకవాళ్లకు అందిస్తుంది.