వంటగట్టుకు నల్ల గ్రానైట్: రాయి మంచిదే, కోతే చూసుకోవాలి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, ఏ ఊరి గ్రానైట్ డిపోకు పోయినా వంటగట్టు అనగానే ముందు నల్ల రాయి దగ్గరికే తీసుకెళ్తారు. ఆ సలహాలో తప్పేం లేదు. పసుపు, చింతపండు పులుసు, నూనె రోజూ ఒలికే చోట మంచి నల్ల గ్రానైట్‌ను మించింది ఆ ధరలో దొరకదు. కాకపోతే నల్లగా మెరిసేదల్లా నల్ల రాయి కాదు. అసలైన రాయే కొన్నవాళ్లు కూడా సింక్ కోయించే దగ్గర దాన్ని పాడుచేసుకుంటున్నారు.

పేర్లకు మరీ పడిపోనక్కర్లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. చూడముచ్చటగా ఉంటుంది, ధరా ఎక్కువే. వంటింటి పనిలో మాత్రం చుక్కల్లేని మంచి నల్ల రాయికీ దానికీ తేడా కనిపించదు. కరీంనగర్ నుంచి వచ్చే గోధుమరంగు పూల గ్రానైట్ టాన్ బ్రౌన్‌ను చాలామంది పాత ఫ్యాషన్ అని పక్కన పెడతారు గానీ, బోరు నీళ్లే దిక్కైన ఇంటికి మా ఓటు దానికే. ఉప్పు మరక, వేలిముద్ర, పిండి దుమ్ము నల్ల బండ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, గోధుమరంగు పూలలో కలిసిపోతాయి. తెల్ల, క్రీమ్ రంగు గ్రానైట్లు పసుపును పీల్చుకుంటాయి, మన వంటకు వద్దు. కడప బండ అసలు గ్రానైటే కాదు, సున్నపురాయి. నిమ్మరసం చుక్క పడితే పాలిష్ పోతుంది. గట్టు కింద అరలకు వాడుకోవచ్చు, పైకి పనికిరాదు.

డిపోలో స్లాబ్‌ను నిలబెట్టి చూపిస్తారు, ముందు భాగం చూసి మురిసిపోతాం. వెనక్కి తిప్పించాలి. వెనకవైపు బకెట్ నీళ్లు పోసి ఆరేదాకా అక్కడే నిలబడండి. రాయంతా ఆరిపోయాక కూడా ఎక్కడైనా వెంట్రుకలా సన్నని తడి గీత మిగిలితే అది పగులే, పై పాలిష్‌లో కనబడదు. వెనక జాలీ అతికించి ఉంటే ఎందుకు అతికించారో అడగాలి. బలహీనమైన రాయిని ఆపడానికే ఎక్కువగా అలా చేస్తారు. రంగు పట్టించిన రాయిని పట్టుకోవడం తేలిక. తెల్ల గుడ్డను నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపి అంచు దగ్గర గట్టిగా రుద్దితే గుడ్డకు నలుపు అంటుతుంది. కోసిన అంచు తడిపినా బూడిదరంగులోనే ఉండి, పైముఖం కాటుకలా ఉన్నా అనుమానించాల్సిందే. పైన నాలుగు నీటి చుక్కలు వేసి పావుగంట తర్వాత తుడవండి. కింద ముదురు మచ్చ కనిపిస్తే ఆ రాయి నీటిని పీలుస్తోంది, రేపు నూనెనూ పీలుస్తుంది.

మందం మాటల్లో వద్దు, టేపు పెట్టి చూడాలి. ఇరవై అని చెప్పి పదహారు మిల్లీమీటర్లది ఇచ్చేవాళ్లున్నారు. ఫ్లోరింగ్‌కు పదహారు సరిపోతుందేమో, సింక్, స్టవ్ కోతలు పడే గట్టుకు 20 మిల్లీమీటర్లు ఉండాల్సిందే. ఆ మందంలో నల్ల రాయి చదరపు అడుగు ఐదున్నర కిలోలు తూగుతుంది. అంటే 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ముక్క 110 కిలోలు. కోతలు పడ్డాక దాన్ని పడుకోబెట్టి మోస్తే మధ్యలో విరుగుతుంది, నిలువునే మోయాలి. బిల్లులో చదరపు అడుగు రేటు ఒక్కటే చూసి బేరం ముగించొద్దు. అంచు మోల్డింగ్ రన్నింగ్ ఫుట్ (పొడవు అడుగు) లెక్క, సింక్ కోత, రవాణా, బిగింపు కూలీ విడివిడిగా రాయించుకోవాలి. సింక్ కోసం కోసి తీసిన ముక్కకూ మీరే డబ్బు కట్టారు, వదిలి రావద్దు. అంచులు పాలిష్ చేయిస్తే జొన్న రొట్టెలు కొట్టుకునే బండ అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం కోత. గ్రైండర్ బ్లేడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూల తెగాలంటే పైముఖం మీద గీత మూల దాటి పోతుంది. ఆ దాటిన అర అంగుళం దగ్గరే ఏడాదికో రెండేళ్లకో పగులు మొదలై ముందు అంచు దాకా వస్తుంది. జనం రాయిని తిడతారు, రాయి తప్పేం లేదు. ముందుగా నాలుగు మూలల్లో అంగుళం కోర్ బిట్‌తో రంధ్రాలు వేయించి, కోతను రంధ్రం లోపలే ఆపించాలి. సింక్‌కూ గట్టు ముందు అంచుకూ మధ్య మిగిలే రాతి పట్టీ 3 అంగుళాలకు తగ్గకూడదు. గట్టు వెడల్పు 25 అంగుళాలు, సింక్ 18 అనుకుంటే వెనక కుళాయికి 4 మిగులుతాయి, సరిపోతుంది. అతుకు సింక్ మీదికో స్టవ్ మీదికో రాకూడదు. సింక్‌ను కింద నుంచి బిగిస్తుంటే సిలికాన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 24×18 సైజు, 9 అంగుళాల లోతు సింక్ నిండితే నీళ్లే అరవై కిలోల పైన ఉంటాయి, కింద బ్రాకెట్లు ఉండాలి. ముందు అంచు అడుగున సన్నని గాడి కొట్టిస్తే కారిన నీళ్లు అక్కడే తెగి పడతాయి, తలుపుల మీదికి పాకవు. మేస్త్రీలు ఈ గాడిని ఎగ్గొడతారు, అడిగి చేయించాలి.

పరిచేటప్పుడు అక్కడక్కడా నాలుగు ముద్దల మాలు వేసి బండ పెట్టేస్తే కింద డొల్ల మిగులుతుంది. దాని మీద రోలు పెట్టి దంచితే పగలక ఏం చేస్తుంది? మాలు అంతటా సమంగా పరిచి, పైన సిమెంట్ పాలు పోసి బండ దించాలి. తర్వాత నాణెంతో అంతటా తట్టి చూడండి, డొల్ల ఉన్నచోట శబ్దం మారుతుంది. మాలు పచ్చిగా ఉండగానే ఎత్తించి సరిచేయించాలి.

రోజువారీ శుభ్రానికి అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, తడి గుడ్డ, వెంటనే పొడి గుడ్డ. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, కుళాయి చుట్టూ పేరుకునే తెల్ల పొర దానిది కాదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలది. తుడవకుండా ఆరనిస్తే పొర మీద పొర గట్టిపడుతుంది. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఐదు నిమిషాలు కప్పి ఉంచి, పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి బాగా కడగాలి. ముందు ఒక మూలన పరీక్షించాకే చేయండి, కడప బండ మీద అసలే వద్దు. బాత్రూం యాసిడ్ పోస్తే మెరుపు పోతుంది, మళ్లీ డైమండ్ ప్యాడ్ల పాలిష్ తప్ప మార్గం ఉండదు. స్టీలు పీచు మంచి గ్రానైట్‌ను గీయలేదు గానీ, తెగిపడిన పోగులు తడిలో ఉండిపోయి తుప్పు మరకలు చేస్తాయి.

మంచి నల్ల రాయికి సీలర్ (మరకలు దిగకుండా పూసే ద్రవం) అక్కర్లేదు. పీల్చుకోనిదాని మీద పూస్తే పైన మసక పొరలా నిలిచిపోతుంది. లేత రంగు రాయి ఇప్పటికే వేసేసి ఉంటే మాత్రం నీటి చుక్క మచ్చ చేయడం మొదలవగానే వేయించండి. నూనె మరక దిగితే వంటసోడాను నీళ్లతో గట్టి పెరుగులా కలిపి మరక మీద మందంగా పట్టించి, ప్లాస్టిక్ కవర్ కప్పి ఒక రోజు ఉంచాలి. తర్వాత కవర్ తీసి పూర్తిగా ఆరనిచ్చి గీకేయాలి, ఆరేటప్పుడే నూనె పైకి లాగుతుంది. ఒకసారికి పోకపోతే మళ్లీ పెట్టాలి. పొయ్యి మీది కుక్కర్ నేరుగా దించినా గ్రానైట్ తట్టుకుంటుంది గానీ, సింక్ మూల దగ్గరా అతుకు మీదా దించొద్దు. అక్కడ రాయి బలం తక్కువ, అతుకులోని ఎపాక్సీ జిగురు వేడికి రంగు మారుతుంది.